హామిల్టన్, జెఫర్సన్, ఒక కోకాపేట తాత

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. కాకతీయుల గురించి నాలుగు ముక్కలు చెప్పలేని పిల్లలకు రెండొందల ఏళ్ళ కిందటి అమెరికా వాళ్ళ తగాదాలు నేర్పే స్కూళ్ళు హైదరాబాద్‌లో పుట్టుకొచ్చాయని, ఇదేం చదువని ఆయన బాధపడ్డారు. అలాంటి ఒక స్కూల్లో ఆ తగాదాలు నేర్పే టీచర్ని నేనే. అందుకే ఈ జవాబు. కాస్త పొడుగుంటుంది.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. మాది సూర్యాపేట దగ్గర ఊరు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక స్టేట్ సిలబస్ స్కూల్లో పదహారేళ్ళు సోషల్ చెప్పాను. ఆరేళ్ళుగా లింగంపల్లి అవతల విదేశీ బోర్డు సిలబస్ ఉన్న స్కూల్లో చెప్తున్నాను. పొద్దున సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కి, లింగంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో. సీటు దొరికిన రోజు పాఠం చదువుకుంటాను, దొరకని రోజు మనసులో చెప్పుకుంటాను.

పాత స్కూల్లో అమెరికా అంటే బోస్టన్ టీ పార్టీ, 13 వలసలు, 1776 జూలై 4, జార్జి వాషింగ్టన్. ఇంతలో గంట కొట్టేవాళ్ళు, మేం ఫ్రాన్స్‌లోకి వెళ్ళిపోయేవాళ్ళం. స్వాతంత్య్రం వచ్చాక అందరూ కూర్చుని రాజ్యాంగం రాసుకుని సుఖంగా ఉన్నారన్నట్టే చెప్పాను పదహారేళ్ళు. నాకూ అంతే తెలుసు మరి. కొత్త స్కూల్లో చేతికిచ్చిన లావు పుస్తకం రైల్లో చదువుతుంటే అప్పుడు తెలిసింది, అసలు గొడవ స్వాతంత్య్రం వచ్చాకే మొదలైందని. అదీ ఎవరి మధ్య? నిన్నటిదాకా ఒకే వైపు నిలబడి ఇంగ్లండ్ రాజుతో కొట్లాడిన వాళ్ళ మధ్యే.

పెద్దాయన ప్రశ్నకు నా దగ్గర సిద్ధాంతం ఏమీ లేదు. క్లాసులో జరిగింది చెప్తాను.

మొదటి గొడవ అప్పు దగ్గర వచ్చింది. 1790 జనవరిలో ఆర్థిక శాఖ చూసే అలెగ్జాండర్ హామిల్టన్ కాంగ్రెస్‌కు, అంటే వాళ్ళ పార్లమెంటుకు, ఒక నివేదిక ఇచ్చాడు. యుద్ధం కోసం కేంద్రం చేసిన అప్పు దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లు, రాష్ట్రాలు చేసింది ఇంకో రెండున్నర కోట్లు. మొత్తం కేంద్రమే నెత్తికెత్తుకుంటుంది, అప్పు కాగితం ఈ రోజు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు పూర్తి విలువ కడుతుంది అన్నాడు. చిక్కంతా ఆ 'ఈ రోజు ఎవరి చేతిలో ఉంటే' దగ్గరే ఉంది. యుద్ధంలో సిపాయిలకు జీతం బదులు ఇచ్చినవి ఆ కాగితాలే. వాళ్ళు ఊళ్ళకెళ్ళి, ఇల్లు గడవక, రూపాయి కాగితాన్ని అణాలకు వ్యాపారులకు అమ్ముకున్నారు. ఇప్పుడు రూపాయికి రూపాయి వచ్చేది ఆ వ్యాపారికి. ఆ సభలో వర్జీనియా సభ్యుడు జేమ్స్ మాడిసన్ లేచి ఇది అన్యాయం, మొదట కష్టపడినవాడికీ వాటా ఇవ్వాలన్నాడు. అలా చేస్తే ప్రభుత్వం కాగితాన్ని రేపు ఎవరూ ముట్టరని హామిల్టన్ వాదం. ఓటింగ్‌లో మాడిసన్ 36కి 13తో ఓడిపోయాడు.

మా క్లాసులో వైపులు చీటీలతో తేలుతాయి. పాత స్టీల్ టిఫిన్ డబ్బా ఒకటుంది, అందులో 24 చీటీలు వేస్తాను. ఏ పేరొస్తే ఆ వైపు వాదించాల్సిందే, మార్చుకోవడం కుదరదు. ఆ రోజు హామిల్టన్ చీటీ వచ్చిన అబ్బాయిది కోకాపేట. వాళ్ళ తాత ఔటర్ రింగ్ రోడ్డు మాట బయటికి రాకముందు మూడెకరాలు అమ్ముకున్నాడు. 2023 ఆగస్టులో అక్కడే ప్రభుత్వ వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన సంగతి మీ పేపర్లోనే చదివాం. వాళ్ళింట్లో ప్రతి పండక్కీ ఆ మూడెకరాల మాట వస్తుందట. నాకు ఇవేవీ అప్పటికి తెలియవు.

అబ్బాయి బాగానే మొదలుపెట్టాడు. "కాగితం కొన్నవాడు రిస్క్ తీసుకున్నాడు. ప్రభుత్వం కట్టకపోతే వాడికి చిల్లిగవ్వ రాదు. లాభం వచ్చాక పంచమంటే ఎలా?" మాడిసన్ వైపున్న అమ్మాయి ఊరుకోలేదు. "ఆ సిపాయి ఇష్టపడి అమ్మలేదు, ఆకలికి అమ్ముకున్నాడు" అంది. వీడు, "ఏదైతేనేం, సంతకం పెట్టాడా లేదా?" అన్నాడు. అని ఆగిపోయాడు. ఎందుకాగాడో నాకర్థం కాలేదు. మర్చిపోయాడేమో అనుకుని పక్కవాణ్ణి అందుకోమన్నాను.

క్లాసయ్యాక వచ్చి మూడెకరాల సంగతి చెప్పాడు. "ఇంటికెళ్ళి తాతనే అడుగు నాన్నా, సిపాయి కథ చెప్పి ఏమంటాడో కనుక్కో" అన్నాను. మర్నాడు తాత మాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చాడు. స్కూల్లో ఫోన్ నిషేధం కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో నిలబడి విన్నాం. ముసలాయన గొంతు, వెనక ఎక్కడో కుక్కర్ విజిల్.

"సంతకం వెట్టినంక కొన్నోనిదే బిడ్డా. దాంట్ల లొల్లి లేదు. గాని రోడ్డొస్తదని వానికెరుకె, నాకెరుకలేదు. గదే నా బాధ."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు దొరికిన మంచి పాఠ్యపుస్తకం ఇదేనేమో. మొదటి వాక్యం హామిల్టన్‌ది, చివరిది మాడిసన్‌ది. రెండూ ఒకే మనిషి నోట్లోంచి, అదీ నష్టపోయిన మనిషి నోట్లోంచి వచ్చాయి. బోర్డు మీద రెండు గడులు గీసి రెండు వాక్యాలూ రాశాను. అప్పుడు థామస్ జెఫర్సన్ రాసుకున్న విషయం చెప్పాను. స్వాతంత్య్ర ప్రకటన రాసింది ఈయనే, అప్పటి విదేశాంగ మంత్రి. హామిల్టన్ ప్రతిపాదన సంగతి ముందే తెలిసిన వాళ్ళు దారి పొడుగునా గుర్రాలు మార్చుకుంటూ మనుషుల్ని పంపారు, సముద్రం మీద వేగంగా పోయే పడవలూ పంపారు. ఇంకా కబురు తెలియని దూరపు ఊళ్ళలో కాగితాలు కొనిపించారు. "అంటే వాళ్ళకెరుకే!" అని అరిచింది వెనక బెంచీ. ఆ తర్వాత పరీక్షలో ఈ ప్రశ్న ఎవరూ తప్పు రాయలేదు. అది చిన్న విషయం. ఆ అబ్బాయి మాత్రం వాళ్ళింట్లో ఆ మూడెకరాల మాట వచ్చినప్పుడు ఇప్పుడు తాత పక్కన కూర్చుంటున్నాడట. ఇదివరకు లేచి వెళ్ళిపోయేవాడు.

రెండో గొడవ మాకు ఇంకా దగ్గరది. అప్పులన్నీ కేంద్రం తీసుకోవడం దక్షిణాది రాష్ట్రం వర్జీనియాకు అస్సలు నచ్చలేదు. వాళ్ళు తమ అప్పు చాలావరకు తీర్చేసుకున్నారు. పక్క రాష్ట్రాల అప్పు మేమెందుకు కట్టాలన్నారు. బిల్లు ఆగిపోయింది. అదే సమయంలో రాజధాని ఎక్కడ పెట్టాలన్న గొడవా తెగలేదు. 1790 జూన్‌లో న్యూయార్క్‌లో జెఫర్సన్ తన అద్దె ఇంట్లో హామిల్టన్‌నీ మాడిసన్‌నీ భోజనానికి పిలిచాడు. అక్కడ కుదిరిన మాట ఇది: అప్పుల బిల్లుకు దక్షిణాది వాళ్ళ అడ్డు తగ్గుతుంది, బదులుగా రాజధాని దక్షిణాదిలో పొటోమాక్ నది ఒడ్డుకు వస్తుంది. కొత్త ఊరు కట్టేదాకా పదేళ్ళు ఫిలడెల్ఫియా తాత్కాలిక రాజధాని.

నాలుగు బెంచీలు కలిపి డైనింగ్ టేబుల్ చేశాం. ఉస్మానియా బిస్కెట్లు, ఫ్లాస్కులో ఇరానీ చాయ్ తెప్పించాను, నా ఖర్చే. చీటీలు తీశారు. విందు మొదలైంది. 'పదేళ్ళు తాత్కాలిక రాజధాని' అన్న మాట దగ్గరికి రాగానే జెఫర్సన్‌గా కూర్చున్న గుంటూరు అబ్బాయి బిస్కెట్ చేతిలో పట్టుకుని ఆగాడు.

"మ్యామ్, ఇది మా కథ కదా!"

వరంగల్ అమ్మాయి అందుకుంది. "మీ కథ ఏంటి, మా కథ. ఊరు మాది."

వీళ్ళందరూ 2014లో నాలుగైదేళ్ళ పిల్లలు. ఉమ్మడి రాజధాని పదేళ్ళు 2024 జూన్ 2తో ముగిసిన రోజు కూడా వీళ్ళకు గుర్తుండి ఉండదు. అయినా ఎవరి వాటా కోపం వాళ్ళకు ఇంట్లో అందింది, పొలాల్లాగే. మూడో అబ్బాయి వాళ్ళ నాన్న గ్రూప్స్ కోచింగ్‌లో చెప్తాడు. వాడన్నాడు, "మ్యామ్, ఇది విభజన కాదు, 1956. పెద్దమనుషుల ఒప్పందం."

నేను చెప్పేలోపే వాడు చెప్పేశాడు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ మీద 1955లో వచ్చిన ఫజల్ అలీ కమిషన్ నివేదికలో ఉంది కదా. ఆంధ్ర రాష్ట్రానికి డబ్బు కటకట, తెలంగాణకు భూమిశిస్తు ఎక్కువ, ఆబ్కారీ మీదే ఏడాదికి 5 కోట్ల ఆదాయం. మా డబ్బు అటు పోతుందన్న భయం వీళ్ళది. ఆ భయానికి మందుగా 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో రెండు వైపుల నాయకులు కూర్చుని సంతకాలు చేశారు. వర్జీనియా భయమూ అదే జాతిది. జెఫర్సన్ కూడా రెండేళ్ళ తర్వాత అధ్యక్షుడు వాషింగ్టన్‌కు రాసిన ఉత్తరంలో హామిల్టన్ తనను మోసపుచ్చాడని, తన రాజకీయ జీవితంలో ఇంతగా విచారించిన పొరపాటు లేదని మొరపెట్టుకున్నాడు. ఒప్పందం చేసుకున్న పెద్దమనుషులకు తర్వాత పశ్చాత్తాపం ఎలా వస్తుందో మన పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ పోలిక గేటు దాకానే రావాలి, ఇంట్లోకి రానివ్వకూడదు. అందుకే మర్నాడు ఎక్కడెక్కడ కుదరదో రాసుకురమ్మన్నాను. అక్కడ రాష్ట్రాలు కలుస్తున్నాయి, ఇక్కడ 2014లో విడిపోయాయి. ఫిలడెల్ఫియా వాళ్ళు కొత్త ఊరు ఎప్పటికీ లేవదని, రాజధాని తమ దగ్గరే ఉండిపోతుందని ఆశపడ్డారు, అధ్యక్షుడి కోసం పెద్ద భవనం కూడా కట్టించారు, అందులో ఏ అధ్యక్షుడూ దిగలేదు. ఇక్కడ పదేళ్ళు నిండకముందే సచివాలయం వెలగపూడికి పోయింది. ఒకమ్మాయి ఇంకోటి రాసింది, అది నాకే తోచలేదు. ఆ విందు గురించి మనకు తెలిసింది చాలావరకు జెఫర్సన్ రాసుకున్నదే. ఆ ఒక్క భోజనంతోనే అంతా తేలిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. పెద్దమనుషుల ఒప్పందానికి మాత్రం రెండు వైపులా సంతకాలున్నాయి.

ఆ విందులో ఇంకొకటి జరిగింది. అది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. టీ పోసే పని చీటీలో ఒకమ్మాయికి వచ్చింది. ముగ్గురికీ కప్పుల్లో పోసింది, బిస్కెట్లు అందించింది, పక్కన నిలబడింది. పావుగంట వాదన నడిచింది. చివర్లో చేయెత్తి, "మ్యామ్, నాకు డైలాగ్ లేదా?" అంది.

లేదమ్మా అన్నాను. ఆ రోజుల్లో జెఫర్సన్ వంటిల్లు చూసింది జేమ్స్ హెమింగ్స్. బానిస, అంటే జెఫర్సన్ ఆస్తి కింద లెక్క. యజమానితో ప్యారిస్ వెళ్ళి అక్కడ ఫ్రెంచి వంట నేర్చుకున్నాడు, విడుదల 1796లో గానీ దొరకలేదు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసినవాడి ఇంట్లో. 1790 జనాభా లెక్కల్లో దేశం మొత్తం దాదాపు 39 లక్షలు, అందులో బానిసలు 7 లక్షల దాకా. వాళ్ళకు ఓటు లేదు. కానీ రాష్ట్రానికి ఎన్ని సీట్లో లెక్కేసేటప్పుడు మాత్రం ఒక్కొక్కణ్ణి అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కించారు. అంటే యజమాని ఓటు బరువు బానిస తల మీద పెరిగింది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అంటే హామిల్టన్ గెలిచినా, జెఫర్సన్ గెలిచినా నేను టీ పోయాల్సిందే" అంది. ఆ మాట తర్వాత క్లాసు నడపడానికి నాకు కొంచెం టైం పట్టింది.

తలకాయల లెక్కతో సీట్లు అనగానే ఇద్దరు ముగ్గురు నియోజకవర్గాల పునర్విభజన ఎత్తారు. 1971 లెక్కల దగ్గర ఆపిన సీట్లు 2026 తర్వాతి జనాభా లెక్కలతో కదిలితే దక్షిణాదికి ఏమవుతుందని. అప్పటికి గంట కొట్టేశారు.

ఇక యాజమాన్యం సంగతి. ఎవరో తండ్రి వాట్సాప్ గ్రూపులో 'క్లాసులో ఆంధ్రా తెలంగాణ గొడవ పెడుతున్నారు' అని పెట్టాడట. నన్ను పిలిచారు. "మేడం, అమెరికా వరకే ఉంచండి, కాంట్రవర్సీ వద్దు" అన్నారు. ఇంకో తండ్రి పేరెంట్స్ మీటింగ్‌లో నవ్వుతూనే అడిగాడు, "మా వాడు ఎలాగూ యూఎస్ వెళ్తాడు మేడం, అప్పుడు నేర్చుకుంటాడులెండి, ఇప్పుడు మ్యాథ్స్‌కి టైం కావాలి." వీసా కోసం చిలుకూరు బాలాజీ గుళ్ళో 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసే ఊరు మనది. ఆ దేశం ఎలా కొట్టుకుని నిలబడిందో తెలుసుకోవడానికి మాత్రం వారానికి రెండు పీరియడ్లు బరువు. మా పెద్దమ్మ మనవరాలు టెక్సాస్ నుంచి ఫోన్ చేసి, పౌరసత్వ పరీక్షకు చదువుతున్నాను పిన్నీ, ఫెడరలిస్ట్ పేపర్స్ రాసిన వాళ్ళలో ఒకరి పేరు చెప్పమంటున్నారు, వాటిలో అసలేముంటుంది అని అడిగింది. కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోమంటూ హామిల్టన్, మాడిసన్, జాన్ జే రాసిన వ్యాసాలవి. పేరు కంఠస్థం చేసింది. మిగతాది నలభై నిమిషాలు నేను చెప్పాను, పాపం అల్లుడికి అన్నం ఆలస్యమైంది.

కాంట్రవర్సీ వద్దన్న వాళ్ళకు నేను చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. 2011 సకల జనుల సమ్మె రోజులు. పాత స్కూల్లో స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ తెనాలి ఆమెది. తొమ్మిదేళ్ళు ఒకే డబ్బా పంచుకుని తిన్నాం. ఆమె గోంగూర, మా ఇంటి సకినాలు. ఒక రోజు మాట మీద మాట వచ్చింది. నేను 'మీరు' అన్నాను, ఆమె 'మీరు' అంది. అప్పటిదాకా మా మధ్య ఉన్నది 'నువ్వు' కదా. ఆ బహువచనం గౌరవంతో వచ్చింది కాదు. ఆమె కుర్చీ కిటికీ పక్కకు మారింది. ఇద్దరం ఎం.ఏ.లు చదివిన వాళ్ళమే, ఇద్దరం పిల్లలకు ప్రజాస్వామ్యం చాప్టర్ చెప్పే వాళ్ళమే. విభేదించి కూడా పక్కన కూర్చుని పచ్చడి తినడం మాకెవరూ నేర్పలేదు.

నేనిప్పుడు 'రాష్ట్ర విభజన, లాభనష్టాలు' అని నేరుగా చర్చ పెడితే మా క్లాసులో కూడా అదే జరుగుతుంది. పిల్లలు కాదు, వాళ్ళ ఇళ్ళు వాదించుకుంటాయి. హామిల్టన్, జెఫర్సన్ తగాదాలో మా పిల్లల కులం లేదు, ఊరు లేదు, నాన్న పార్టీ లేదు. ఏ వైపు చీటీ వచ్చినా ఇంట్లో ఎవరూ కోప్పడరు. ఓడినా పరువు పోదు. అక్కడ చెయ్యి తిరిగాక, గుంటూరు అబ్బాయి, వరంగల్ అమ్మాయి తమంతట తామే సొంత గొడవలోకి వచ్చారు, మిగతా బిస్కెట్లు తింటూ. పెద్దాయన అడిగిన 'వాళ్ళ తగాదాలు మనకెందుకు' అన్నదానికి నా జవాబు ఇదే. అవి మనవి కాకపోవడమే వాటి ఉపయోగం. కాకతీయుల సంగతి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, అది మా సిగ్గు. కానీ ఒకటి తీసేస్తే రెండోది వస్తుందని మాత్రం నేననుకోను.

ఇక మీ వృత్తి గురించి. ఆ గొడవలో పత్రికలు చేసింది తక్కువేం కాదు. ఫిలడెల్ఫియాలో హామిల్టన్ మాట చెప్పే గెజిట్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్ ఒకటి. దానికి పోటీగా నేషనల్ గెజిట్ పెట్టిన కవి ఫిలిప్ ఫ్రెనోకు జెఫర్సన్ తన శాఖలోనే ఏడాదికి 250 డాలర్ల అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు. అంటే సర్కారు జీతం తింటూ సర్కారును తిట్టే ఎడిటర్. ఆ ఫ్రెనో తన పేపరు రోజూ మూడు కాపీలు తనకే పంపుతున్నాడని వాషింగ్టన్ మంత్రుల ముందు మండిపడ్డాడు, తననే అమ్మిపెట్టమంటున్నాడా అన్నట్టు. ఈ కథకు మా పిల్లలు ఎంత నవ్వారో. వెంటనే హోంవర్కు ఇచ్చాను. ఒకే రోజు, అసెంబ్లీలో జరిగిన ఒకే చర్చ, రెండు వేర్వేరు తెలుగు పేపర్ల మొదటి పేజీలు తీసుకురండి అని. పిల్లల ఇళ్ళలో ఇప్పుడు పేపర్ రాదు, తాతల దగ్గర దొరికాయి. రెండు పక్కపక్కన గోడకు అంటించి చూశాం. ఒకదాంట్లో 'నిలదీసింది', ఇంకోదాంట్లో 'రభస చేసింది', పని ఒకటే. అందులో మీ పేపర్ కూడా ఉంది. మీరు ఎవరి వైపో పిల్లలు చెప్పారు. నేను ఇక్కడ రాయను, రాస్తే ఉత్తరం వేసుకోరు.

1798లో ఆ పత్రికల నోరు మూయడానికి చట్టం తెచ్చారు. ప్రభుత్వాన్నీ కాంగ్రెస్‌నీ అధ్యక్షుణ్ణీ దురుద్దేశంతో తప్పుగా దూషిస్తూ రాస్తే రెండేళ్ళ దాకా జైలు, 2000 డాలర్ల దాకా జరిమానా. జాబితాలో ఉపాధ్యక్షుడు లేడు. ఎందుకంటే అప్పుడు ఉపాధ్యక్షుడు ప్రతిపక్షం మనిషి జెఫర్సన్, ఆయన్ని ఏమన్నా పర్వాలేదు. ఈ ముక్క దగ్గర నేను చెప్పకుండానే పిల్లలకు రాజకీయం అర్థమవుతుంది. వెర్మాంట్ నుంచి కాంగ్రెస్‌కు గెలిచిన మాథ్యూ లయన్‌కు నాలుగు నెలలు జైలు పడింది, జైల్లో ఉండగానే జనం మళ్ళీ గెలిపించారు. దీని పక్కనే 1908 చెప్తాను. బెజవాడ స్వరాజ్య పత్రికలో రాతలకు రాజద్రోహం కింద జైలుకెళ్ళిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. ఆయన పేరు క్లాసులో ఒక్కరికీ తెలియదు. అమెరికా జైలు గుమ్మం గుండా పిల్లలు మన జైల్లోకి వచ్చారు. మీ పెద్దాయనకు ఇది కొంత ఊరట అనుకుంటాను.

1800 ఎన్నిక గురించి రాస్తే మీ పేజీ నిండిపోతుంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల ఓట్లు జెఫర్సన్‌కు 73, ఆయన పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కు 73. 1801 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ 36 సార్లు ఓటేస్తే గానీ తేలలేదు. "ఎమ్మెల్యేల్ని దాచడానికి అప్పట్లో రిసార్టులు లేవా మ్యామ్?" అని అడిగాడొకడు. లేవు, మంచు మాత్రం ఉంది. జ్వరంతో ఉన్న ఒక సభ్యుణ్ణి మంచులో మోసుకొచ్చి మరీ ఓటేయించారు. బర్ కంటే జెఫర్సనే నయమని తన పార్టీ వాళ్ళకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది ఎవరు? హామిల్టనే, పదేళ్ళ శత్రువు. 1804 జూలైలో అదే బర్ తుపాకీకి ఆయన ప్రాణం పోయింది. ఆ ఎన్నికలో ఓడిపోయిన అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి ఉండకుండా తెల్లవారకముందే ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఆడమ్స్, జెఫర్సన్ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. 1812 జనవరి 1న ఆడమ్సే మొదటి ఉత్తరం రాశాడు. తర్వాత పద్నాలుగేళ్ళు రాసుకుంటూనే ఉన్నారు, 1826 జూలై 4న ఇద్దరూ ఒకే రోజు పోయేదాకా.

ఆ పాఠం చెప్పిన సాయంత్రం రైల్లో తెనాలి ఆమె నంబర్ తీశాను. పండగలకు పువ్వుల బొమ్మ మెసేజ్‌లు తప్ప మా మధ్య ఇంకేమీ లేవు. ఏం రాయాలో ఆలోచిస్తుంటే సీతాఫల్‌మండి వచ్చేసింది.

మీకు ఒక్క విన్నపం. మీ చదువు పేజీలో ఏడాదంతా బిట్లే వేస్తారు. 'హామిల్టన్ స్థాపించిన బ్యాంకు ఏ సంవత్సరంలో?' 1791, ఒక మార్కు. బిట్లు వేయండి, పోటీ పరీక్షల పిల్లలకు కావాలి, నాకు తెలుసు. నెలకొక్కసారి మాత్రం ఒక పాత తగాదాను, అమెరికాది కావచ్చు, ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలది కావచ్చు, రెండు కాలమ్‌లలో వేయండి. ఎడమ వైపు ఒకరి వాదం, కుడి వైపు రెండోవారిది, రెండూ అంతే నిజాయితీగా, అంతే పదునుగా. కింద జవాబు వేయకండి. జిల్లా పరిషత్ స్కూళ్ళలో లైబ్రరీ లేకపోయినా మీ పేపర్ వస్తుంది. అక్కడి సోషల్ సార్లు, టీచర్లు దాన్ని కత్తిరించి గోడకు అంటిస్తారు. నేను పాత స్కూల్లో ఉన్నప్పుడు అలాంటిది ఒక్కటి దొరికినా ఆ పదహారేళ్ళు వేరుగా చెప్పేదాన్ని.

స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే ఎన్నిక తీసేయండి, విందు తీసేయండి, నా ఎంఎంటీఎస్ తీసేయండి. తాత మాట, టీ పోసిన అమ్మాయి ప్రశ్న ఉంచండి. తాత మాటను మాత్రం 'శుద్ధం' చేసి వేయకండి. 'ఎరుకె' అంటే ఎరుకే.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
సీతాఫల్‌మండి, హైదరాబాద్